కియాంటి కొండల్లో సగం పాలు

ఫ్లోరెన్స్ నుంచి సియెనాకు నాలుగు వరసల రోడ్డు మీద గంట, గంటంపావులో వెళ్లిపోవచ్చు. వైన్ టూర్ల కార్లు ఆ రోడ్డు ఎక్కవు. 222 నంబరు పాత దారి పడతాయి. దాన్ని ‘కియాంటిజానా’ అంటారు. గ్రేవె, పాన్జానో, కాస్టెల్లినా ఊళ్ల మీదుగా గుట్టలెక్కుతూ దిగుతూ సాగే దారి అది. రెండు పక్కలా ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు, వాటి వెనక ఓక్ అడవులు. గుట్ట కొసన ఒక రాతి ఇల్లు, ఇంటికి వెళ్లే బాట వెంట సైప్రస్ చెట్లు. ఇటలీ పల్లె అనగానే మన కళ్ల ముందు ఆడే బొమ్మ చాలావరకు ఈ టస్కనీదే.

ప్రైవేటు టూరు అంటే ఉదయాన్నే గైడే కారు తెచ్చి హోటల్ దగ్గర ఎక్కించుకుంటాడు. రోజంతా మనవాళ్లే తప్ప వేరే ప్రయాణికులు ఉండరు. రెండు మూడు వైన్ ఎస్టేట్లు, నడుమ భోజనం, సాయంత్రానికి తిరిగి ఊరు. బండి మనం నడపనక్కర్లేదు కాబట్టి నిశ్చింత. ఇటలీలో లీటరు రక్తానికి అర గ్రాము మించి ఆల్కహాలు ఉంటే స్టీరింగు పట్టడం చట్టవిరుద్ధం. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. పదిమందితో వెళ్లే బస్సులో అడగలేని ప్రశ్నలు ఇక్కడ అడగొచ్చు, దారిలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపించుకోవచ్చు. ఈ వ్యాసం ఆ ప్రశ్నల కోసమే.

రుచి చూసే తంతు దగ్గర కాసేపు ఆగుదాం. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంటుంది. గ్లాసులో రెండు వేళ్ల ఎత్తున వైన్ పోస్తారు. గ్లాసును కాడ దగ్గర పట్టుకుని, తెల్లగుడ్డ మీదకి వంచి అంచు చూడమంటారు. కొత్త వైన్ అంచు కెంపు రంగులో మెరుస్తుంది. ఏళ్లు గడిచినదైతే ఇటుక రంగుకు తిరుగుతుంది. గ్లాసు గుండ్రంగా తిప్పి ముక్కు దగ్గర పెడితే చెర్రీపండు వాసన, దాని వెనక ఎండిన పువ్వులది. నోట్లో పోసుకోగానే పులుపు నాలుక పక్కల్ని తాకుతుంది, ఆ తర్వాత వగరు చిగుళ్లను పట్టేస్తుంది. అది సాంజోవేజె అనే ద్రాక్ష స్వభావం. ఒట్టి వైన్ తాగినవాడికి ఆ వగరు ఇబ్బంది. ఉప్పు వేయని ఇక్కడి రొట్టె, దాని మీద కొత్త ఆలివ్ నూనె, గొర్రెపాల ఛీజ్ ముక్క తోడైతే సంగతి తెలుస్తుంది. మింగడం ఇష్టం లేకపోతే పక్కనే ఉన్న పాత్రలో ఉమ్మేయవచ్చు. రోజూ రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లంతా చేసేది అదే.

గ్లాసులో ఏముందో గైడు అడక్కుండానే చెబుతాడు. ఈ కొండలకు ఇంత అందమైన రూపు ఎవరిచ్చారో మాత్రం అడిగి చెప్పించుకోవాలి.

ఈ కొండల ప్రాంతమైన కియాంటి ఒకప్పుడు సరిహద్దు. ఉత్తరాన ఫ్లోరెన్స్, దక్షిణాన సియెనా, రెండూ సొంత సైన్యాలున్న నగర రాజ్యాలు. నడుమనున్న ఈ గుట్టల కోసం తరాలపాటు కొట్టుకున్నాయి. ఇప్పుడు వైన్ అమ్ముతున్న కోటల్లో చాలా వాటిని కట్టింది పహరా కోసమే. సీసా మెడ మీది నల్ల కోడిపుంజు కథ ప్రతి గైడూ చెబుతాడు. సరిహద్దు తేల్చడానికి తెల్లవారి కోడి కూయగానే చెరో నగరం నుంచి ఒక రౌతు బయల్దేరాలని, ఇద్దరూ కలిసిన చోటే హద్దని ఒప్పందం. సియెనావాళ్లు తెల్లపుంజును బాగా మేపారు. ఫ్లోరెన్స్‌వాళ్లు నల్లపుంజును పస్తు పెట్టారు. ఆకలికి అది తెల్లవారకముందే కూసింది. రౌతులిద్దరూ సియెనాకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో, ఫోంతెరూతొలి దగ్గర ఎదురుపడ్డారు. ఇది కథ. చరిత్రలో ఉన్నది 1203 నాటి పొగ్గిబోన్సి తీర్పు. రెండు నగరాల హద్దును అది తేల్చింది. తర్వాత రద్దా, గయోలె, కాస్టెల్లినా ఊళ్లతో ఏర్పడిన కియాంటి లీగు నల్లపుంజునే తన గుర్తుగా పెట్టుకుంది. ఫ్లోరెన్స్ పాత రాజభవనం పెద్ద హాల్లో చిత్రకారుడు వసారి చిత్రించిన పైకప్పు మీద ఆ పుంజును ఇవాళ్టికీ చూడొచ్చు.

సియెనా నగర సభాభవనంలో అంతకంటే పాత సాక్ష్యం ఉంది. 1338, 1339 సంవత్సరాల్లో అంబ్రోజో లోరెంజెత్తి ఒక గది గోడ మీద మంచి పాలన ఫలితాలను చిత్రించాడు. నగర ద్వారం దాటగానే పల్లె మొదలవుతుంది. వాలు మీద ద్రాక్షతోటలు, కోతలు, గాడిదల మీద బస్తాలు, నడుముకు తెల్ల పట్టీ ఉన్న నల్ల పందిని ఊళ్లోకి తోలుకొస్తున్న రైతు. ఆ జాతి పంది మాంసమే ఈనాటికీ టూరు భోజనంలో పళ్లెంలోకి వస్తుంది. టూరుకు ముందురోజు ఈ గది చూసి వెళ్లమని నా సలహా. మరుసటి రోజు కారు అద్దంలోంచి కనపడేదానికి అర్థం మారిపోతుంది.

కియాంటి వైన్ పేరు మొదట కనపడేది ప్రాతో ఊరి వర్తకుడు ఫ్రాంచెస్కో దాతీనీ లెక్కల్లో, 1398లో. అప్పుడది తెల్ల వైన్. ఎర్ర వైన్‌కు పేరు పెరిగాక నకిలీలూ పెరిగాయి. టస్కనీని పాలించిన మెదిచి వంశపు మూడో కోసిమో 1716లో ఒక ఫర్మానా జారీ చేశాడు. కియాంటి, పొమీనో, కర్మిన్యానో, పై ఆర్నో లోయ అనే నాలుగు ప్రాంతాలకు హద్దులు గీసి, ఆ హద్దుల లోపల పండినదానికే ఆ పేరు అన్నాడు. వైన్‌కు ప్రభుత్వం ఇలా సరిహద్దు గీయడం ప్రపంచంలోనే తొలి ఉదాహరణల్లో ఒకటి. పోర్చుగల్ తన దోరో లోయకు ఇలాంటి హద్దు గీసుకున్నది 1756లో.

ఆ పై ఆర్నో లోయ పేరు వినగానే తెలుగువాళ్లకు గుర్తుండాల్సిన మనిషి ఒకరున్నారు. 1380లో అక్కడి తెర్రనువోవాలో పుట్టిన పొజ్జో బ్రచ్చొలీని. విజయనగరం చూసి వచ్చిన వెనిస్ వర్తకుడు నికొలో దె కోంతి చెప్పిందంతా విని లాటిన్‌లో గ్రంథస్తం చేసింది ఆయనే. దేవరాయల కాలపు నగరం గురించి మనం చదువుకున్న వివరాలు కొన్ని ఈ లోయలో పుట్టిన మనిషి కలం మీదుగా వచ్చినవే.

కొండల్లో పండిన వైన్ అమ్ముడుపోయేది ఫ్లోరెన్స్‌లో. భూస్వాములు తమ నగర భవనాల గోడలకు సీసా పట్టేంత చిన్న కిటికీలు పెట్టించి, వీధిలోకే అమ్మేవారు. 1630ల ప్లేగులో అవి ప్రాణరక్షణగా పనికొచ్చాయి. కొనేవాడి నుంచి డబ్బును లోహపు గరిటెలో అందుకుని వెనిగర్‌లో ముంచాకే తాకేవారని ఆ కాలపు పండితుడు ఫ్రాంచెస్కో రోందినెల్లి రాసి పెట్టాడు. 2020 కరోనా కాలంలో అలాంటి కిటికీలు కొన్నింటిని మళ్లీ తెరిచారు.

గయోలె దగ్గర బ్రోలియో కోట చాలా టూర్లలో ఉంటుంది. 1141 నుంచి రికాసోలి వంశానిది. 19వ శతాబ్దంలో దాని యజమాని బెత్తీనో రికాసోలి, కవూర్ తర్వాత ఇటలీకి రెండో ప్రధానమంత్రి. ‘ఉక్కు బారన్’ అని పిలిచేవారు. పదవి కంటే ఆయన్ను ఎక్కువ నిలబెట్టింది ఒక ఉత్తరం. ఏళ్ల తరబడి తోటల్లో, సెల్లార్లలో ప్రయోగాలు చేసి, 1872లో పీసా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చెసారె స్తుదియాతికి తన వైన్‌లో ఏ ద్రాక్ష దేనికో రాశాడు. సాంజోవేజె పరిమళాన్ని, సత్తువను ఇస్తుంది. కనయోలో దాని కరుకును తగ్గిస్తుంది. మల్వసీయా అనే తెల్ల ద్రాక్ష వైన్‌ను తేలికపరుస్తుంది కాని, దాచుకోవాల్సిన వైన్‌లో వేయకపోవడం మేలు. ఈ చివరి హెచ్చరికను తర్వాతివాళ్లు పట్టించుకోలేదు. వందేళ్ల తర్వాత కియాంటి దాని ఫలితం అనుభవించింది.

కోటల చరిత్రలో, ప్రధానుల ఉత్తరాల్లో కనపడనివాళ్లు ఆ గుట్ట కొసన రాతి ఇళ్లలో ఉండేవారు. వాళ్లు పాలికాపులు. ఈ పద్ధతిని ‘మెద్జద్రియా’ అంటారు. భూస్వామి నేల, ఇల్లు ఇస్తాడు. కుటుంబమంతా చాకిరీ చేస్తుంది. పండినదంతా చెరిసగం. మధ్యయుగాల్లో మొదలై 20వ శతాబ్దం నడిమిదాకా టస్కనీ పల్లెను నడిపింది ఇదే. కింద పశువుల కొట్టం, పైన పొగచూరిన పెద్ద వంటిల్లు, పావురాల గూళ్ల బురుజు. ఒక్కో కప్పు కింద మూడు తరాలు. ఇంటిపెద్ద భూస్వామి మనుషులతో మాట్లాడతాడు. ఇంటావిడ కోళ్లు, గుడ్లు, వంట చూస్తుంది. పండగలకు దివాణానికి పుంజులు, గుడ్లు కానుకగా పంపాలి. దివాణం గుమాస్తా దగ్గర ప్రతి కమతానికీ ఒక లెక్కల పుస్తకం. కరువు ఏడు తెచ్చుకున్న గింజలు బాకీగా రాసుకుంటారు, ఆ బాకీ తరువాతి ఏడుకు పాకుతుంది. కొడుక్కి పెళ్లి చేయాలన్నా దివాణం అనుమతి కావాలి. కమతానికి ఎన్ని చేతులుండాలో, ఎన్ని నోళ్లుండాలో తేల్చేది వాళ్లే కనక. ఒప్పందం ఏడాదికే. నచ్చకపోతే నోటీసు, సామాన్లు బండెక్కించుకుని పోవడమే.

తమ కూడు తామే పండించుకోవాలి కాబట్టి ఒకే పొలంలో అన్నీ వేసేవారు. ద్రాక్షతీగను మేపుల్ చెట్టుకు పాకించేవారు. వరసల నడుమ గోధుమ, గట్ల మీద ఆలివ్. వాలు నేల జారిపోకుండా రాళ్లేరి, సున్నం లేకుండా, రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టారు. చూడటానికి వచ్చిన మనం మెచ్చుకునే ఆ మెట్ల పొలాలు అలా తేలినవే. తమ వాటాకు వచ్చిన మంచి వైన్‌ను చాలామంది అమ్ముకునేవారు. తాగడానికి పిండేసిన తొక్కల మీద నీళ్లు పోసి వడకట్టుకునేవారు. దాన్ని ‘అక్వరెల్లో’ అనేవారు. ఇప్పుడు ఏ ఎస్టేటులోనూ దాన్ని రుచి చూపించరు. గైడును కనీసం దాని గురించి అడగండి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాలికాపులు సంఘాలు కట్టి పోరాడారు. 1947 ఒప్పందంతో వాళ్ల వాటా 53 శాతమైంది. 1964 చట్టం దాన్ని 58కి పెంచి, కొత్త పాలు ఒప్పందాలను నిషేధించింది. అప్పటికే యువతరం వెళ్లిపోతోంది. ప్రాతో బట్టల మిల్లుల్లో నెల జీతం ఉంది, ఇంట్లో కుళాయి ఉంది. 1950ల, 60ల్లో ఈ కొండల్లో ఇళ్లు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. ఆ వెళ్లినవాళ్లను నేను తప్పు పట్టలేను. వాళ్లు వదిలి వెళ్లింది మనం చూస్తున్న అందాన్ని కాదు, గుమాస్తా పుస్తకాన్ని.

మనుషులు పోయిన పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చాయి. మేపుల్ చెట్లు కొట్టేసి, వాలు వెంబడి నిట్టనిలువుగా ద్రాక్ష వరసలు నాటారు. దిగుబడే ముఖ్యమైంది. 1967లో వచ్చిన ప్రభుత్వ నిబంధనలు కియాంటిలో పదిశాతానికి తక్కువ కాకుండా తెల్ల ద్రాక్ష కలపాలన్నాయి. రికాసోలి వద్దన్నదే చట్టమైంది. గడ్డి అల్లిన గుండ్రటి సీసాలో పల్చటి వైన్ ప్రపంచమంతా చేరింది. పేరు చౌకబడింది. 1971లో ఆంతినోరి కుటుంబం ‘తిన్యనెల్లో’ అనే తమ వైన్‌ను కియాంటి పేరు వదిలేసి మామూలు టేబుల్ వైన్‌గా అమ్మింది. 1385 నుంచి వైన్ వర్తకంలో ఉన్న వంశం ఆ పని చేయడం చిన్న విషయం కాదు. రద్దాలో సెర్జో మనెత్తి 1977లో ఒక్క సాంజోవేజెతోనే ‘లె పెర్గోలె తోర్తె’ చేశాడు. చట్టం మారడానికి చాలాకాలం పట్టింది. కియాంటి కొండల నడిబొడ్డున పండే ‘కియాంటి క్లాసికో’ వైన్‌లో తెల్ల ద్రాక్షను నిషేధించింది 2006 పంట నుంచి. ఇప్పుడు అందులో 80 శాతం తగ్గకుండా సాంజోవేజె ఉండాలి.

ఖాళీ ఇళ్లను బయటివాళ్లు కొన్నారు, కొన్నిటిని ఎస్టేట్లు బాగు చేసుకున్నాయి. పొలంలోనే అతిథులకు బస, భోజనం పెట్టుకోవడానికి 1985లో చట్టం వచ్చింది. టూర్లకు దారి పడింది అలాగే. అదే ఏడు జనవరి చలికి టస్కనీ ఆలివ్ చెట్లు లెక్కలేనన్ని మాడిపోయాయి. మొదలుకంటా నరికితే వేరులోంచి చిగుళ్లు వేశాయి. ఇక్కడి ఆలివ్‌లు ఒకే మాను కాకుండా మూడు నాలుగు కాండాలతో కనపడటానికి కారణం అదే. దారిలో చూసి గుర్తుపట్టండి.

టూరు చివర చిన్న గ్లాసులో తేనె రంగు ‘విన్ సాంతో’ ఇస్తారు, బాదం బిస్కెట్లతో. వీలైతే అది తయారయ్యే అటక ఎక్కించమనండి. కోసిన గుత్తులను దూలాలకు వేలాడదీసి, చాపల మీద పరిచి చలికాలందాకా ఎండబెడతారు. పిండిన రసాన్ని చిన్న పీపాల్లో పోసి మూత బిగిస్తారు. కనీసం మూడేళ్లు కప్పు కిందే ఉంచుతారు, వేసవిలో వేడికీ శీతకాలంలో చలికీ. పాలికాపుల ఇళ్లలో అతిథికి, పురోహితుడికి దాచి పెట్టుకున్నది ఇదే.

ఇంకా టైముంటే గ్రేవె నుంచి కారును లమోలె వైపు తిప్పించండి. పెద్ద బస్సులకు కష్టమైన ఇరుకు దారి. కియాంటి క్లాసికోలో ఎత్తైన తోటలు అక్కడున్నాయి. పాలికాపులు పేర్చిన రాతి గోడలను అక్కడి కొందరు మళ్లీ నిలబెడుతున్నారు. సున్నం లేకుండా గోడ కట్టే ఆ విద్యను యునెస్కో 2018లో వారసత్వ జాబితాలో చేర్చింది. కోతలు సెప్టెంబరు చివర, అక్టోబరులో జరుగుతాయి. ఆ రోజుల్లో వెళ్తే గోడల మధ్య కత్తెరలు పట్టుకుని గుత్తులు కోస్తున్నవాళ్లు కనపడతారు. వాళ్లతో కాసేపు మాట్లాడించమని గైడును అడగండి.