డాలరు వడ్డన

నెవాడా రాష్ట్రం 1931 మార్చిలో జూదాన్ని చట్టబద్ధం చేసింది. పదేళ్లకు, 1941 ఏప్రిల్ 3న, థామస్ హల్ అనే హోటళ్ల యజమాని లాస్ వేగాస్ పొలిమేర అవతల, లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చే రహదారి పక్కన ఎల్ రాంచో వేగాస్ తెరిచాడు. క్యాసినో, గదులు, ఈతకొలను, భోజనశాల అన్నీ ఒకే ఆవరణలో పెట్టాడు. నేడు ‘స్ట్రిప్’ అని పిలిచే వీధికి తొలి హోటల్ అదే. క్యాసినో బఫే పుట్టిల్లు కూడా అదే.

ఆ పుట్టుక గురించి ఊళ్లో చెప్పుకునే కథ ఒకటుంది. 1940లలో హోటల్ ప్రచారం పని చూసే హెర్బ్ మెక్‌డొనాల్డ్ ఒక రాత్రి ఆకలేసి, వంటింట్లోంచి చీజ్, మాంసం ముక్కలు, బ్రెడ్డు తెచ్చి బార్ బల్ల మీద పెట్టుకున్నాడట. జూదమాడేవాళ్లు అటు వెళుతూ మాకూ కావాలన్నారట. కథలో నిజం పాలెంతైనా, దాని ఫలితం చరిత్రలో నిలిచింది. ‘బకరూ బఫే’ పేరుతో ఒక డాలరుకు తిన్నంత భోజనం వచ్చింది. తక్కిన హోటళ్లూ అర్ధరాత్రి ‘చక్‌వ్యాగన్’ వడ్డనలు మొదలుపెట్టాయి. పశువుల మందల వెంట సాగే కౌబాయిల వంటబండి పేరు అది.

తినేవాళ్లే వడ్డించుకునే బల్ల అమెరికాకు కొత్త కాదు. స్వీడన్ వాళ్ల స్మోర్గస్‌బోర్డ్‌ను 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలోనే జనం చూశారు. వేగాస్ దానికి జూదం లెక్క జతచేసింది. అమెరికన్ రూలెట్ చక్రంలో 38 గళ్లుంటాయి. ఒక అంకె మీద పందెం గెలిస్తే వచ్చేది 35 రెట్లే. కాసే ప్రతి వంద డాలర్లలో సగటున ఐదుకు పైగా క్యాసినోయే తీసుకుంటుంది. కనుక ఆటగాడు ఎంతసేపు కూర్చుంటే అంత రాబడి. రాత్రి ఆఖరి ప్రదర్శన ముగిశాక నిద్రకో, తిండికోసం బయటికో పోయేవాణ్ణి డాలరు భోజనంతో ఆపితే, వంటింటి నష్టం మరో గంట ఆటలో తిరిగి వచ్చేది. చౌక భోజనం ఖరీదు ఓడినవాడే చెల్లించాడు. దాన్ని ఔదార్యంగా రాసిన వర్ణనలు నాకు సమ్మతం కావు.

ఆ డాలరు అందరి చేతిలోనూ చెల్లలేదు కూడా. 1940, 50లలో స్ట్రిప్ హోటళ్లు నల్లవారిని అతిథులుగా రానివ్వలేదు. శామీ డేవిస్ జూనియర్, నాట్ కింగ్ కోల్ వంటి గాయకులు వేదికల మీద పాడి, తిండికీ నిద్రకూ ఊరి పడమటి వాడకు వెళ్లాల్సి వచ్చేది. పంక్తిభేదం ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. 1955లో మూలాన్ రూజ్ అనే హోటల్ అందరికీ తలుపు తీసింది గానీ కొన్ని నెలలకే మూతపడింది. 1960లో దంతవైద్యుడు జేమ్స్ మెక్‌మిలన్ నాయకత్వాన పౌరహక్కుల సంఘం స్ట్రిప్ మీద ఊరేగింపు తీస్తామని హెచ్చరించింది. మార్చి 26న, ఆ మూలాన్ రూజ్‌లోనే, వివక్ష ఎత్తివేతకు ఒప్పందం కుదిరింది. బఫేల చరిత్ర రాసేవాళ్లు రొయ్యల గుట్టలను తలచుకుని ఈ తేదీని వదిలేయడం అన్యాయం. మూడు నెలలు తిరగకముందే, జూన్ 17న, ఎల్ రాంచో వేగాస్ కాలిపోయింది.

1969లో నెవాడా చట్టం మార్చి, వాటాదార్లున్న పెద్ద కంపెనీలు క్యాసినోలు నడపడాన్ని సుగమం చేసింది. పాత యజమానులకు వంటింటి నష్టం జూదం రాబడిలో కలిసిపోయేది. కంపెనీ పద్దుల్లో గదులు, భోజనం, ఆటశాల దేనికది లాభం చూపాలి. ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. 1984లోనూ, 1991 నుంచి 1998 దాకా ఫ్రాంటియర్ హోటల్ దగ్గరా వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు చేసిన సమ్మెలను ఆ పద్దులతో కలిపి చదవాలి. ఫ్రాంటియర్ సమ్మె ఆరేళ్లకు పైగా సాగింది.

1989లో మిరాజ్, 1998లో బెల్లాజియో వచ్చాయి. మధ్యలో, 1992లో, వుల్ఫ్‌గాంగ్ పక్ సీజర్స్ ప్యాలెస్ పక్కన స్పాగో తెరవడంతో పేరున్న వంటవాళ్లు ఊరికి రావడం మొదలైంది. ఆ దశకం చివరికి స్ట్రిప్ హోటళ్లకు జూదం కంటే గదులు, తిండి, ప్రదర్శనల రాబడే ఎక్కువైంది. ఎరగా వేసిన భోజనం తానే సరుకైంది. 2012లో సీజర్స్ ప్యాలెస్ 1.7 కోట్ల డాలర్లతో బాకనాల్ బఫే కట్టింది. ఇప్పుడక్కడ రాత్రి భోజనం 70 డాలర్లు దాటింది.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా గవర్నరు ఉత్తర్వుతో క్యాసినోలన్నీ మూతపడ్డాయి. జూన్ 4న ఆటబల్లలు తెరుచుకున్నా చాలా బఫేలు మళ్లీ తెరుచుకోలేదు. ఆరియా హోటల్ తన బఫేకు బదులు 2022 చివర్లో వేర్వేరు తిండి దుకాణాలు పెట్టింది. అక్కడ ఏ పళ్లెం ధర ఆ పళ్లేనిదే.