కీమో: మాట వెనుక కథ

నేడు క్యాన్సర్ వైద్యానికే పరిమితమైనట్లు వినిపించే కీమోథెరపీ అనే మాటను 20వ శతాబ్దం తొలినాళ్లలో వాడుకలోకి తెచ్చిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, రోగక్రిములను రసాయనంతో చంపే చికిత్స అనే అర్థంలో దానిని ప్రయోగించాడు; 1910లో వచ్చిన సిఫిలిస్ మందు సాల్వర్సాన్ ఆనాటి కీమోథెరపీయే. 1940వ దశకంలో నైట్రోజన్ మస్టర్డ్, ఆ వెంటనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో రూపొందించిన అమినాప్టెరిన్ రావడంతో, ముఖ్యంగా రెండవదానిని రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకిచ్చిన సిడ్నీ ఫార్బర్ 1948లో ఫలితాలు ప్రకటించాక, అర్థం క్యాన్సర్ వైపు ఒరిగింది. ఈ చరిత్రలో సుబ్బారావు పేరు ఇంకా గట్టిగా వినిపించవలసి ఉంది.

అమినాప్టెరిన్, దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ చూడటానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, ఆ విటమిన్‌ను పనికివచ్చే రూపంలోకి మార్చే ఎంజైమును, అంటే కణంలో రసాయన చర్యను నడిపే ప్రోటీన్‌ను, పట్టి నిలిపివేయడంతో కణ విభజనకు కావలసిన డీఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది. అయితే ఎముక మజ్జ, నోటి లోపలి పొర, పేగు గోడ కూడా వేగంగా విభజన చెందే కణాలతోనే నిలుస్తాయి గనుక, తెల్లకణాలు పడిపోవడం, నోటిపూత, విరేచనాలు వంటి బాధలు కలుగుతాయి. వ్యవహారంలో ‘కీమో ఎక్కించడం’ స్థిరపడినా, మాత్రలుగా మింగే కీమో మందులూ ఉన్నాయి, వాటికీ రక్తపరీక్షల జాగ్రత్త అంతే అవసరం.