కండరాల వ్యాధిలో రక్తపు గడ్డలు: గుర్తింపు, చికిత్స

దేహాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత కండరాలపైనే దాడి చేయడం వలన కలిగే వ్యాధిని మయోసైటిస్ అంటారు. పాలీమయోసైటిస్, డెర్మటోమయోసైటిస్ ఇందులో ముఖ్యమైన రకాలు. భుజాలు, తొడలు బలహీనపడి, కూర్చున్నచోటి నుండి లేవడం, తల దువ్వుకోవడం సైతం కష్టమవుతుంది. డెర్మటోమయోసైటిస్‌లో కనురెప్పలపై ఊదారంగు, వేలి కణుపులపై ఎర్రని మచ్చలు కూడా కనిపిస్తాయి.

ఈ రోగులకు సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఇతరుల కంటె అధికం. వ్యాధి బయటపడిన మొదటి సంవత్సరంలో అది మరింత ఎక్కువ. వ్యాధి తీవ్రత, మంచానికే పరిమితం కావడం, కొందరిలో దాగి ఉన్న క్యాన్సర్ ఇందుకు కారణాలు. చికిత్సలో వాడే స్టెరాయిడ్లు, సిరలోనికి ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ప్రమాదాన్ని కొంత పెంచుతాయి.

పాత జబ్బే అనుకోరాదు

కాలినొప్పినీ ఆయాసాన్నీ పాత వ్యాధి లక్షణాలుగా భావించి ఉపేక్షించడమే పెద్ద పొరపాటు. ఒక కాలు మాత్రమే వాచి, వెచ్చబడి నొప్పి పెడితే నూనె రాసి మర్దన చేయరాదు. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం, స్పృహ తప్పడం కనిపిస్తే తక్షణమే పెద్దాసుపత్రికి చేర్చాలి. కాలికి డాప్లర్ స్కాన్, ఊపిరితిత్తులకు సి.టి. యాంజియోగ్రామ్ చేసి గడ్డను నిర్ధారిస్తారు.

చికిత్స

మొదట హెపారిన్ లేదా ఎనాక్సపారిన్ ఇంజెక్షన్లు, అనంతరం వార్ఫరిన్ మాత్రలు ఇస్తారు. రివరాక్సబాన్, అపిక్సబాన్ అనే కొత్త మాత్రలూ ఉన్నాయి. ఇవి గడ్డను పెరగనీయవు. దానిని క్రమేణా కరిగించేది దేహమే. రక్తపోటు పడిపోయేంత ప్రమాదం ఏర్పడితే ఆల్టిప్లేస్ వంటి గడ్డ కరిగించే మందు ఇస్తారు. సాధారణంగా కనీసం 3 నెలలు మందు వాడాలి. కండరాల వ్యాధి అదుపులోకి రానంతవరకు వైద్యులు దానిని పొడిగించవచ్చు. రక్తంలో యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిరక్షకాలు ఉన్నవారికి వార్ఫరిన్‌నే ఎంచుకుంటారు.

ఇంటివారు పాటించవలసినవి

స్టెరాయిడ్లను హఠాత్తుగా ఆపరాదు. వార్ఫరిన్ వాడేవారు ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. అది సాధారణంగా 2 నుండి 3 మధ్య ఉండాలి. కండరాల వ్యాధికి ఇచ్చే అజాథయోప్రిన్ వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది గనుక ఆ మందును మొదలుపెట్టినా, ఆపినా మరల పరీక్ష అవసరం. ఆకుకూరలు మానవలసిన పనిలేదు. ఒకే పరిమాణంలో తినాలి. వైద్యులను అడగకుండా నొప్పిమాత్రలు వాడరాదు, తుంటికి సూదిమందు వేయించుకోరాదు. మలం నల్లబడినా, మూత్రంలో రక్తం కనిపించినా, తలకు దెబ్బ తగిలినా ఆలస్యం చేయరాదు.

సరిహద్దు దాటి పొరుగు రాష్ట్రపు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మందుల చీటీ, ఐ.ఎన్.ఆర్. కాగితాలు వెంట ఉంచుకోవాలి. రోగి మాట్లాడలేని స్థితిలో, భాష తెలియని చోట, ఆ కాగితాలే వైద్యునికి అసలు విషయం తెలుపుతాయి.