పొగ వాసన, పాత పీపా, ఒక కిరాణా కొట్టు: మూతపడ్డ డిస్టిలరీ బతికిన కథ

ముందే ఒక మాట. ఇది తాగమని చెప్పే ఎపిసోడ్ కాదు. మందు ఒంటికి మంచిది కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇవాళ చెప్పేది చరిత్ర.

ఒక సీసా ఊహించుకోండి. లేబుల్ మీద పోర్ట్ ఎలెన్ అని ఉంది. కింద షెర్రీ పీపా అని, పీపా నంబరు, బట్టీ దిగిన ఏడాది, సీసాకెక్కిన ఏడాది. కానీ అమ్మేది పోర్ట్ ఎలెన్ వాళ్ళు కాదు, వేరే కంపెనీ. పైగా సీసా మార్కెట్‌కి వచ్చేనాటికే ఆ డిస్టిలరీ మూతపడి ఏళ్ళు గడిచాయి. వేలంలో ఇలాంటివి లక్ష రూపాయలు దాటి పోతుంటాయి. ఎలా వచ్చింది ఈ సీసా?

ముందు పొగ సంగతి చూద్దాం. స్కాట్లాండ్ పడమటి సముద్రంలో ఐలా అని ఒక దీవి ఉంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి ఐస్‌లే అనకండి, నవ్వుతారు. అక్కడ చెట్లు తక్కువ, బొగ్గు గనులు లేవు. ఉన్నదల్లా పీట్. అంటే చిత్తడి నేలలో నాచూ మొక్కలూ పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకున్న నల్లమట్టి. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో పెడతారు. విస్కీకి బార్లీని నానబెట్టి మొలకెత్తించి, ఆ మొలకని వేడితో ఆరబెట్టాలి. ఆ తడి గింజలకి పీట్ పొగ పట్టేస్తుంది. పిడకల దాలిలో కాగిన పాలకి పొగ వాసన వస్తుంది చూడండి, అలాగన్నమాట. రైళ్ళొచ్చాక ప్రధాన భూభాగంలో చాలా డిస్టిలరీలు బొగ్గుకి, కోక్‌కి మారిపోయాయి. ఐలా మాత్రం పొగని వదల్లేదు. ఇవాళ జనం డబ్బిచ్చి కొనే రుచి, ఒకప్పుడు వేరే వంటచెరకు లేకపోవడం వల్ల పుట్టింది.

ఇక పీపా. షెర్రీ అంటే స్పెయిన్‌లోని హెరెస్ ప్రాంతపు వైన్. ఇంగ్లిష్ వాళ్ళకి దాని పిచ్చి ఎప్పటినుంచో ఉంది. 1587లో ఫ్రాన్సిస్ డ్రేక్ కాడిజ్ రేవు మీద పడి 2,900 పీపాల షెర్రీ ఎత్తుకొచ్చాడని చెబుతారు. తర్వాత వ్యాపారంగానే బ్రిటన్ రేవులకి పీపాలకి పీపాలు దిగేవి. వైన్ సీసాల్లోకి పోయాక ఖాళీ పీపా స్పెయిన్‌కి తిరిగి పంపడం దండగ. విస్కీ వాళ్ళు చవగ్గా కొనేవాళ్ళు. ఆవకాయ తీసేసి ఎంత కడిగినా జాడీకి ఆ వాసన ఉంటుంది కదా, అలా చెక్కలో దిగిన షెర్రీ విస్కీకి రంగూ తీపీ ఇచ్చింది. 1980లలో స్పెయిన్ షెర్రీని అక్కడే సీసాల్లో నింపి పంపాలని నియమం పెట్టాక ఆ పీపాల రాక ఆగిపోయింది. ఇప్పుడు విస్కీ కోసమే కొత్త పీపాలు చేయించి, ఏడాదో రెండేళ్ళో షెర్రీ పోసి ఉంచి, ఖాళీ చేసి తెచ్చుకుంటున్నారు. అప్పుడు పారేసే వస్తువు, ఇప్పుడు ఆర్డరిచ్చి చేయించుకునే వస్తువు. నాకైతే ఇది భలే తమాషాగా అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు మనిషి, కిరాణా వ్యాపారి. 1860 చట్టం తర్వాత మాల్ట్ విస్కీని, ధాన్యపు విస్కీని కలిపి అమ్మే బ్లెండ్‌లదే రాజ్యం. డిస్టిలరీలు సరుకంతా బ్లెండ్ కంపెనీలకి పీపాల్లో అమ్మేసేవి. ఒకే డిస్టిలరీ నుంచి వచ్చే సింగిల్ మాల్ట్ సీసా అరుదు. ఆ లోటు పూడ్చింది కొట్లవాళ్ళే. 1842లో అబర్డీన్‌లో కేడెన్‌హెడ్, 1895లో ఎల్గిన్‌లో గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ మొదలయ్యాయి. ఈ రెండోది టీ, వైన్, వెచ్చాలు అమ్మే కొట్టు. జాన్ అర్కహార్ట్ అక్కడ పనిలో చేరి, తర్వాత భాగస్వామి అయ్యాడు. వీళ్ళు తమ సొంత పీపాలే డిస్టిలరీలకి పంపి నింపించి, ఏళ్ళకేళ్ళు దాచి, సీసాకెక్కించేవాళ్ళు. 1968లో కానసర్స్ ఛాయిస్ పేరుతో రకరకాల డిస్టిలరీల సింగిల్ మాల్ట్‌లు వరసగా తెచ్చారు. అప్పటికి చాలా డిస్టిలరీల పేరు బయట ఎవరికీ తెలీదు.

తర్వాత దెబ్బ పడింది. 1970లలో విపరీతంగా తయారుచేసిన సరుకు గోడౌన్లలో పేరుకుపోయింది, అమ్మకాలు పడిపోయాయి. 1983లో డిస్టిలర్స్ కంపెనీ ఒక్కసారిగా 11 డిస్టిలరీలు మూసేసింది. అందులో 1825 నాటి పోర్ట్ ఎలెన్ ఒకటి. దాని విస్కీ ప్రధానంగా బ్లెండ్‌లకే పోయేది. పోతే పోయిందనుకున్నారు. కానీ దళారుల దగ్గర, ఇలాంటి చిన్న కంపెనీల దగ్గర కొన్ని పీపాలు మిగిలాయి. 1980, 90లలో పోర్ట్ ఎలెన్ పేరున్న సీసా కనిపిస్తే దాదాపు ఎప్పుడూ అది వీళ్ళదే. తాగినవాళ్ళు ఇంత మంచిదాన్ని ఎందుకు మూసేశారని అడగడం మొదలుపెట్టారు. సొంతదారు ఏటేటా ఆ పేరుతో సీసాలు తేవడం మొదలైంది 2001లో. అంటే పేరుని బతికించింది యజమాని కాదు, కొనుక్కున్నవాడు.

మరి యజమానులు ఊరుకుంటారా? పీపా అమ్మినా పేరు వాడొద్దని షరతు పెడతారు. అందుకే కొన్ని లేబుళ్ళ మీద ఒట్టి ఐలా సింగిల్ మాల్ట్ అనే ఉంటుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది: పీపాలో వేరే డిస్టిలరీ విస్కీ ఒక చెంచాడు పోసి అమ్ముతారు. ఇక దాన్ని చట్టప్రకారం సింగిల్ మాల్ట్ అనడానికే వీల్లేదు. చెంచాడుతో కులం మారిపోయింది!

ఇప్పుడు సింగిల్ మాల్ట్‌కి గిరాకీ బాగా పెరిగింది. డిస్టిలరీలు తమ సరుకు తామే అమ్ముకోవాలనుకుంటాయి. గోర్డన్ అండ్ మెక్‌ఫెయిల్ కూడా 2024 నుంచి బయటి డిస్టిలరీల్లో పీపాలు నింపించడం ఆపేస్తామని, తమ సొంత డిస్టిలరీల మీదే దృష్టి పెడతామని 2023లో ప్రకటించింది. గోడౌన్లలో ఉన్న పాత పీపాలు మాత్రం ఇంకా చాలా ఏళ్ళపాటు సీసాలకెక్కుతూనే ఉంటాయి.

అదే 2024లో పోర్ట్ ఎలెన్ మళ్ళీ తెరుచుకుంది, కొత్త బట్టీలతో. పాత బట్టీల్లో దిగిన విస్కీ అంటే మాత్రం, 1983 నాటికి పీపాల్లో ఉన్నదే. అందులోనూ ఏటా సుమారు 2 శాతం చెక్క గుండా ఆవిరైపోతూ వచ్చింది.