బ్లూబెర్రీకి అడవి మనిషి పేరు.. మరి మన నేరేడుకి?

సూపర్‌మార్కెట్లో 125 గ్రాముల చిన్న డబ్బాలో బ్లూబెర్రీలు అమ్ముతారు కదా. 110 ఏళ్ల కిందటి దాకా అది అచ్చంగా అడవి పండు అంటే నమ్ముతారా?

కథ అమెరికాలోని న్యూజెర్సీలో మొదలవుతుంది. న్యూజెర్సీ అంటే మనకి ఎడిసన్, అక్కడి మన తెలుగువాళ్లు గుర్తొస్తారు. దానికి దక్షిణంగా వెళ్తే ఇసుక నేల, పైన్ చెట్ల అడవి. అక్కడి జనం వేసవిలో అడవిలోకెళ్లి బ్లూబెర్రీలు కోసుకుని తినేవాళ్లు, అమ్ముకునేవాళ్లు. తోటలో వేస్తే మాత్రం మొక్క బతికేది కాదు. ఇది సాగుకి లొంగదులే అని వదిలేశారు.

ఎందుకు బతకట్లేదో కనిపెట్టింది ఫ్రెడరిక్ కోవిల్ అనే ప్రభుత్వ శాస్త్రవేత్త. మనం మంచి నేల అనుకునేదే దానికి పడదు! ఆమ్ల గుణం ఉన్న నేల కావాలి, చలికాలంలో గట్టి చలి తగలాలి. 1910లో ఆయన ఈ ప్రయోగాల్ని అచ్చు వేశారు. అది చదివి వైట్స్‌బాగ్‌లో క్రాన్‌బెర్రీ తోటలున్న ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ 1911లో ఆయనకి ఉత్తరం రాసింది, మా పొలంలో చేసి చూడండని.

ఇక్కడే అసలు ట్విస్ట్. మంచి పొద ఎక్కడుందో శాస్త్రవేత్తకి తెలీదు, అడవిలో తిరిగేవాళ్లకి తెలుసు. వైట్ వాళ్లకి రంధ్రాలున్న కొలత పలక ఇచ్చింది. రంధ్రం సైజు సుమారు 16 మిల్లీమీటర్లు. అందులోంచి జారిపోని కాయలున్న పొద చూపిస్తే డబ్బులిస్తానంది. పైగా ఆ పొదకి చూపించినవాళ్ల పేరే పెట్టింది. రూబెన్ లీక్ అనే ఆయన చూపించిన పొద చాలా బాగుంది. కానీ లీక్ అంటే ఉల్లికాడ లాంటి కూర పేరు! అందుకని 'రూబెల్' అన్నారు. ఆ రకం ఈరోజుకీ తోటల్లో ఉంది. 1916లో సాగుచేసిన బ్లూబెర్రీలు మొదటిసారి మార్కెట్‌కి వచ్చాయి.

సరే, మన దగ్గరికొద్దాం. గుంటూరు-తెనాలి రైలు మార్గంలో ఉన్న మా సంగం జాగర్లమూడిలో బ్లూబెర్రీ వేస్తే? కష్టం. ఆ నేలా కాదు, ఆ చలీ లేదు. మనకున్నది నేరేడు. ఈ రెండూ చుట్టాలు కావు గానీ, నాలుకని ఊదా చేసే రంగు పదార్థాలు మాత్రం ఒకే జాతివి, ఆంథోసయనిన్లు. సీజన్ కూడా ఇంచుమించు ఒకటే, జూన్, జులై.

పూజలో సంకల్పం చెప్పేటప్పుడు 'జంబూద్వీపే' అంటాం కదా. జంబూ అంటే నేరేడే! అశోకుడి శాసనాల్లోనూ జంబూద్వీపం మాట ఉంది. ఒక దేశానికే పేరిచ్చిన పండు ఇది.

లక్నోలోని పరిశోధన సంస్థ 'జామ్‌వంత్' లాంటి మేలు రకాల్ని ఎంపిక చేసింది, నిజమే. కానీ మన చెరువుగట్టు మీద ఒగరు తక్కువ, గుజ్జు ఎక్కువ ఉండే చెట్టు ఏదో, ఏ లిస్టులోనూ ఉండదు. అది కింద గుడ్డ పరిచి కొమ్మ దులిపిన పిల్లలకి తెలుసు, తట్టలో పెట్టి అమ్మే అవ్వకి తెలుసు. రోడ్డు కోసమో ప్లాట్ల కోసమో ఆ చెట్టు కొట్టేస్తే ఆ రుచి కూడా పోయినట్టే. ముందే ఒక కొమ్మ తెచ్చి అంటు కట్టుకుంటే మిగులుతుంది.

డబ్బాలో బ్లూబెర్రీ కొనుక్కోండి, హాయిగా తినండి. ఈ జూన్‌లో మాత్రం మీ ఊళ్లో తియ్యటి నేరేడు చెట్టు ఏదో అవ్వనో తాతనో అడగండి. ఆ చెట్టు ఎక్కడుందో, మీకు చూపించిందెవరో కామెంట్‌లో రాయండి.