ప్రాసెసర్‌లో నెంబరు: ఎవరి రక్షణకు?

సరుకుకు నెంబరు వేయడం కొత్త సంగతి కాదు. కుట్టుమిషనుకు నెంబరుంది, సైకిలుకు నెంబరుంది. వాటివల్ల ఎవరి స్వేచ్ఛకైనా భంగం కలిగిందని నేనెన్నడూ వినలేదు. సైకిలు చట్రం మీది నెంబరు చూడాలంటే ఎవడో ఒకడు వచ్చి వంగి చూడాలి. కాని ఎక్కడో దూరాన ఉన్నవాడు అడిగిన మరుక్షణం, యజమానికి తెలియకుండానే తన నెంబరును తానే చెప్పగల యంత్రం సంగతి వేరు. ఈ భేదం మీద 1999లో అమెరికాలో పెద్ద వివాదం చెలరేగింది. దానిని ప్రజలు గెలిచిన కథగా చెప్పుకోవడం పరిపాటి. నా దృష్టిలో అది సగం గెలుపు మాత్రమే.

ఆ ఏడు జనవరిలో ఇంటెల్ కంపెనీ, తాను విడుదల చేయబోయే పెంటియం-3 ప్రాసెసర్లలో ప్రతిదానికీ 96 బిట్ల నెంబరు ఉంటుందని ప్రకటించింది. అందులో 32 బిట్లు ప్రాసెసర్ ఏ రకానిదో తెలుపుతాయి; తక్కిన 64 బిట్లు ఆ ఒక్కదానికే ప్రత్యేకం. కర్మాగారంలో ముద్రపడిన ఈ సంఖ్యను కొన్నవాడు మార్చలేడు. ప్రోగ్రాము ఒక ఆదేశమిస్తే చాలు, ప్రాసెసర్ దానిని అప్పగిస్తుంది. దీనివల్ల ఇంటర్నెట్ వ్యాపారానికి భద్రత చేకూరుతుందనీ, పెద్ద సంస్థలు తమ ఆఫీసుల్లోని యంత్రాలను లెక్క చూసుకోవచ్చుననీ కంపెనీ వాదించింది. ఈ రెండవ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి.

భద్రత వాదం మొదట్లోనే వీగిపోయింది. నెంబరు అడిగేదీ, జవాబు పంపేదీ ప్రోగ్రామే. ఆ ప్రోగ్రామును మార్చగలవాడు దొంగ నెంబరు పంపగలడు. సంకేతలిపి శాస్త్రజ్ఞుడు బ్రూస్ ష్నైయర్ ఆ నెలలోనే ఈ లోపాన్ని ఎత్తిచూపాడు. అనగా ఈ నెంబరు మోసగాణ్ణి పట్టదు, మోసం చేయనివాణ్ణి మాత్రం వెంటాడుతుంది! వాడు ఏ దుకాణంలో ఏమి కొన్నాడో, ఏ పత్రిక చదివాడో వేర్వేరు చోట్ల పోగైన సమాచారాన్నంతా ఒక్క దారానికి గుచ్చడానికి అంతకన్న మంచి సూది దొరకదు.

జనవరి 25 నాటికే బహిష్కరణ పిలుపు వచ్చింది. ఎలక్ట్రానిక్ ప్రైవసీ ఇన్ఫర్మేషన్ సెంటర్, ప్రైవసీ ఇంటర్నేషనల్ మొదలైన సంస్థలు కంపెనీ ప్రకటనల నినాదాన్నే తిప్పికొట్టి “బిగ్ బ్రదర్ ఇన్‌సైడ్” అన్నాయి. ఆర్వెల్ 1949 నాటి నవలలోని ఈ మాటను ప్రచ్ఛన్నయుద్ధ కాలమంతా సోషలిస్టు దేశాలపై గురిపెట్టి వాడారు. చివరకది ఒక అమెరికన్ గుత్తసంస్థ మెడకు చుట్టుకోవడం చరిత్ర చేసిన చిన్న పరిహాసం.

కంపెనీ వెంటనే కొంత తగ్గింది. నెంబరును మూసి ఉంచుతామనీ, కావలసినవాడు తెరుచుకోవచ్చుననీ చెప్పింది. ప్రాసెసర్ బజారుకు రాకముందే, ఫిబ్రవరిలో, ఆ తాళాన్ని ప్రోగ్రాము ద్వారానే తీయవచ్చునని జర్మనీలోని ఒక కంప్యూటర్ పత్రిక చూపింది. 2000 ఏప్రిల్‌లో ఇంటెల్ తన తరువాతి ప్రాసెసర్‌లో ఈ నెంబరు ఉండదని ఒప్పుకున్నది. అదే ఏడు నవంబరులో పెంటియం-4 నెంబరు లేకుండానే వెలువడింది.

ఇంతవరకు గెలుపే. అయితే ఎదుటికి వచ్చి నెంబరు వేస్తున్నానని చెప్పినవాడు ఓడిపోయాడు. చెప్పకుండా వేసిన వాళ్ల సంగతి? 1999 మార్చిలోనే మైక్రోసాఫ్ట్ బండారం బయటపడింది. విండోస్ 98 రిజిస్టరు చేసేటప్పుడు, వివరాలు పంపవద్దని యజమాని చెప్పినా సరే, యంత్రపు గుర్తింపు సంఖ్య కంపెనీకి చేరుతున్నది. ఆఫీస్ 97లో తయారైన పత్రాల లోపల, రాసినవాడికి తెలియకుండా, నెట్‌వర్క్ కార్డు నెంబరు దాగి ఉన్నది. కంపెనీ సవరణలు చేసింది. కాని ఆ కార్డు మీది 48 బిట్ల నెంబరు పోలేదు, పోదు కూడా. అది లేనిదే ఆ నెట్‌వర్కులో యంత్రాలు ఒకదానినొకటి గుర్తించలేవు. మన చేతిలోని ఫోనుకున్న 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. కూడా అట్టిదే. పోయిన ఫోను వేరొకరి చేతిలో పనిచేయకుండా ఆపడానికి అది పనికివస్తుంది. అది ఉండడమే తప్పని నేననను. దానిని ఎవడు చదువుతున్నాడు, చదివి దేనితో జతపరుస్తున్నాడు అన్నదే ప్రశ్న. ఐఫోను ప్రత్యేక సంఖ్యను చదివే ప్రోగ్రాములను ఆపిల్ 2013 మేలో నిరాకరించింది. కాని దానికి ముందే, 2012లో, ప్రకటనలవారి కోసం మరో సంఖ్యను సమకూర్చిపెట్టింది. అది చదవడానికి ముందు ఫోను యజమాని అనుమతి అడగాలన్న నియమం 2021 ఏప్రిల్‌లో గాని రాలేదు.

ఇంటెల్ చెప్పిన ఆ రెండవ మాటకు ఇప్పుడు వద్దాం. నెంబరును తెరవడం, మూయడం “వాడుకరి” ఇష్టమన్నారు. ఆఫీసులో వాడుకరి ఎవరు? మీటలు నొక్కే గుమాస్తాయా, యంత్రాన్ని కొన్న యజమానా? తాళంచెవి రెండవవాడి దగ్గరే ఉంటుంది. 1803లో నెపోలియన్ ప్రభుత్వం ఫ్రాన్సులో ప్రతి కార్మికునికీ ఒక పుస్తకం తప్పనిసరి చేసింది. పేరు కార్మికునిది, పుస్తకం ఉండేది యజమాని పెట్టెలో. అది చేతికి రానిదే మరొక చోట పనికి కుదరడానికి వీల్లేదు. 1890 దాకా ఆ పద్ధతి పూర్తిగా రద్దు కాలేదు. బహిష్కరణ అనేది కొనేవాడి ఆయుధం. ఆఫీసు యంత్రాన్ని గుమాస్తా కొనడు గనుక ఆ ఆయుధం అతని చేతికి రాలేదు. పెంటియం-3 ఉన్న ఆఫీసుల్లో ఆ నెంబరు తెరిచి ఉంచాలో మూసి ఉంచాలో అతణ్ణి అడగవలసిన పని ఎవరికీ లేకపోయింది.