రాత్రి ఫోను

మా మంచం పక్కన ఫోను ఎప్పుడూ మా ఆవిడ వైపే ఉండేది. అలా ఉండాలని ఎవరం అనుకోలేదు. సౌత్ వేల్స్ బొగ్గుగనుల లోయలో మేం అద్దెకు దిగిన ఇంట్లో తీగ ఆ గోడ దాకానే వచ్చింది, అంతే. ఇరవై ఏళ్లు అక్కడే ఉండిపోయింది.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1973లో బ్రిటన్‌కొచ్చాను. 1975లో ఇక్కడ మన డిగ్రీల గుర్తింపు ఎత్తేశారు. తలుపు మూసేలోపు దూరినవాణ్ణన్నమాట. పెద్దాసుపత్రుల్లో పై మెట్లు మాకు అందవని నాలుగేళ్లలో అర్థమై జీపీ, అంటే కుటుంబ వైద్యుడి, పనిలోకి మారాను. లోయల్లో ఖాళీలకు కొదవ లేదు. గ్లిన్‌కోరుగ్ అనే గని ఊళ్లో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో లాన్సెట్ పత్రికలో రాసింది అదే: వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువ దొరుకుతుందని. ఆ తక్కువైన చోట్లోకే మేమందరం వచ్చి పడ్డాం. గుంటూరు వాళ్లం, పాట్నా వాళ్లు, లాహోర్ వాళ్లు.

డాక్టరును ఊరంతా కలిసి పోషించుకోవడం ఈ లోయలకు పాత అలవాటే. ట్రెడిగర్ కార్మికులు 1890లోనే మెడికల్ ఎయిడ్ సొసైటీ పెట్టుకున్నారు. కూలిలో పౌండుకు మూడు పెన్నీలు కట్టేవారు, డాక్టర్లకు జీతాలు సొసైటీయే ఇచ్చేది. 'ద సిటడెల్' నవల రాసిన ఎ.జె. క్రోనిన్ 1920ల్లో అక్కడ పనిచేసినవాడే. ఆ ఊళ్లో పుట్టిన అన్యూరిన్ బెవన్ ఆరోగ్య మంత్రయ్యాక, 1948 జూలై 5న దేశం మొత్తానికి జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. దాని ఒప్పందంలో జీపీ మీద పడ్డ షరతు ఒకటుంది: తన జాబితాలో ఉన్న రోగులకు ఇరవైనాలుగు గంటలూ, ఏడాది పొడుగునా తనదే పూచీ. తను వెళ్లలేకపోతే ఇంకొకర్ని పంపే పూచీ కూడా తనదే.

రాత్రి ఫోను ఎవరెత్తాలో మాత్రం ఆ ఒప్పందంలో లేదు. రాయక్కర్లేదనుకున్నారు కాబోలు. డాక్టరుకు పెళ్లాం ఉంటుంది కదా!

మా ఆవిడకు మొదట్లో ఇక్కడి ఇంగ్లీషు అంతుపట్టేది కాదు. "ఆయన బ్యాడ్" అని ఎవరో ఆడమనిషి ఫోనులో అంటే, మొగుడు చెడ్డవాడని మొరపెట్టుకుంటోందనుకుంది. ఒంట్లో బాగాలేదని దానర్థం. ఏడాది తిరిగేసరికి మాట కాదు, ఊపిరి వినడం నేర్చుకుంది. గనిలో దుమ్ము పీల్చినవాళ్ల ఆయాసం ఒక రకం, పసిపిల్లల గురక దగ్గు ఒక రకం. "ఏవండీ, ఇది పొద్దుటిదాకా ఆగేది కాదు" అందంటే నేను ప్యాంటు వేసుకోవడమే. ఒకే వరసలో అతుక్కుపోయిన ఇళ్లు, చీకట్లో నంబర్లు కనబడవు. అందుకని వీధి తలుపు దగ్గర లైటు వేసి ఉంచమని, ఒక మనిషిని గుమ్మంలో నిలబెట్టమని తనే చెప్పేది. రూళ్ల నోటుపుస్తకంలో టైము, పేరు, ఇల్లు రాసి పెట్టేది. 1982 జనవరి మంచుకు కార్లు పూడిపోయినప్పుడు నేను మోకాలి లోతులో నడుచుకుంటూ పోయాను. ఆ కథ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నాలుగు రోజులూ ఫోను దగ్గర్నుంచి కదలని మనిషి కథ ఎవరూ చెప్పరు.

1966 ఒప్పందం తర్వాత అర్ధరాత్రి విజిట్‌కు విడిగా ఫీజు పెట్టారు. వెళ్లిన డాక్టరుకే అది.

పట్నాల్లో డాక్టర్లకు వేరే దారి దొరికింది. డబ్బు కడితే రాత్రిపూట మన బదులు డాక్టర్లను పంపే కంపెనీలు 1956లోనే లండన్‌లో మొదలయ్యాయి. మా లోయలో గిట్టుబాటు కాదని అవి రాలేదు. పక్క ప్రాక్టీసు వాళ్లతో వంతులేసుకోవడమే మాకు గతి. వంతు లేని రాత్రి కూడా ఫోను మా ఇంట్లోనే మోగేది, ఇవాళ ఫలానా డాక్టరు అని చెప్పి నంబరు ఇవ్వాలి కదా.

డాక్టర్ల సహకార సంఘం అనే మాట ఇంగ్లండ్‌లోని బోల్టన్ నుంచి వచ్చింది. అక్కడి జీపీలు 1970ల చివర్లోనే కలిసి రాత్రి డ్యూటీలు నడిపారు. 1995లో ప్రభుత్వం ఏటా 4.5 కోట్ల పౌండ్లు ఇలాంటి వాటికి కేటాయించేసరికి ఊరూరా మొదలయ్యాయి. మా స్థానిక డాక్టర్ల కమిటీ మర్నాటికే లేచిందనుకోకండి, ఆరు మీటింగులు పట్టింది. "నా రోగులు వేరే డాక్టరుకు తలుపు తియ్యరు" అని ఒక పెద్దాయన చివరిదాకా భీష్మించుకున్నాడు. పాపం, ఆయన భార్యకు అప్పటికి డెబ్బై ఏళ్లు. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా అని నేనూ అడగలేదు.

చివరికి ఆసుపత్రిలో రెండు గదులు తీసుకున్నాం. ఫోనుకు జీతమిచ్చి మనిషిని పెట్టాం. కారు నడపడానికి గని మూతపడి ఖాళీగా ఉన్న ఒకతను వచ్చాడు, అతనికి చీకట్లో కూడా ప్రతి గుమ్మం తెలుసు. ఒక్కొక్కరికి నెలకు రెండు మూడు డ్యూటీలు. రాత్రి చూసిన కేసుల కాగితాలు తెల్లారేసరికి ఆయా ప్రాక్టీసులకు ఫ్యాక్స్‌లో చేరేవి. పోయిందీ ఉంది. ముసలాయన ఆయాసం నిన్నటికంటే ఎక్కువో తక్కువో ఫ్యాక్స్ కాగితం చెప్పదు. అయినా నిద్రపోయిన డాక్టరు పగలు తప్పులు తక్కువ చేస్తాడు, నాది ఆ పక్షమే.

సంఘం మొదలైన తొలి రాత్రి రెండింటికి మా ఆవిడ లేచి కూర్చుంది. రిసీవరు ఎత్తి, టోను వస్తోందో లేదో విని, మళ్లీ పెట్టేసింది.

2004 ఒప్పందంలో సాయంత్రం ఆరున్నర నుంచి పొద్దున ఎనిమిది దాకా పూచీ వదులుకోవచ్చన్నారు. అలా వదులుకుంటే డాక్టరుకు ఏడాదికి సగటున 6,000 పౌండ్లు కోత. దాదాపు అందరం వదులుకున్నాం. ఆ డబ్బుకు ఆ పని జరగదని తర్వాత ప్రభుత్వాలకు తెలిసొచ్చింది. అన్నేళ్లూ ఆ ధరకు ఎలా జరిగిందో లెక్కవేసినవాళ్లు లేరు.

మా సంఘం మినిట్స్ పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. తొలి పేజీలో డాక్టర్లందరి సంతకాలున్నాయి. మా ఆవిడ రాసిన నోటుపుస్తకాలు పదకొండు ఉండేవి. రోగుల పేర్లున్నాయి, బయటపడకూడదని రిటైరైన ఏడాది పెరట్లో నేనే కాల్చేశాను.